చించివేయని ప్రోనోట్లు: స్కాట్లండ్ పాత నోట్ల ముచ్చట
(మా గ్రామీణ విలేకరి)

తెలంగాణ పల్లెల్లో ఎనభై ఏళ్లు దాటిన పెద్దలను కదిలిస్తే హాలీ రూపాయి, కల్దారు రూపాయి సంగతి చెబుతారు. హాలీ నిజాం సర్కారుది. కల్దారు ఇంగ్లీషు సర్కారుది. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు చేతికి వచ్చేవి. 1918 నుంచి నిజాం సర్కారు సొంతంగా కాగితపు నోట్లు కూడా వేసింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉండేవి. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత ఆ డబ్బు క్రమంగా కనుమరుగైంది.

ఒకే దేశంలో రెండు రకాల నోట్లు అంటే ఇప్పటి కుర్రకారుకు వింతగా తోచవచ్చు. కాని మనల్ని ఏలిన ఆ బ్రిటన్‌లోనే ఈ వింత నేటికీ సాగుతోంది. ఇంగ్లండుకు ఉత్తరాన, కొండలతో, సరస్సులతో నిండిన స్కాట్లండ్ ఉంది. అక్కడ నోట్లు వేసేది ప్రభుత్వం కాదు, రిజర్వు బ్యాంకు వంటి సంస్థా కాదు. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, క్లైడ్స్‌డేల్ బ్యాంకు అనే మూడు వ్యాపార బ్యాంకులు ఎవరి నోటు వారు వేసుకుంటాయి. ఇంగ్లండు పౌండు, స్కాట్లండ్ పౌండు విలువలో సమానమే. అయినా ఆ నోటు పట్టుకొని లండన్‌లో దుకాణానికి వెళితే అటూ ఇటూ తిప్పి చూసి, మాకొద్దు అనేవాళ్లు ఉన్నారు. స్కాట్లండ్ వాసులకు ఇది పాత ఫిర్యాదు. చట్టప్రకారం ఏ బాకీకైనా తీసుకొని తీరవలసిన నోటుగా దానికి స్కాట్లండ్‌లో కూడా గుర్తింపు లేదు. జనం నమ్మకం మీదనే అది మూడు వందల ఏళ్లకు పైగా చేతులు మారుతూ వచ్చింది.

ఈ నోట్ల పాత నమూనాలను వెతికి పట్టి దాచుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. స్టాంపులు దాచేవారిని, నాణేలు దాచేవారిని మనం ఎరుగుదుం. పాత నోట్లు సేకరించేవారికి 1961 నుంచి ఒక అంతర్జాతీయ సంఘం కూడా ఉంది. వారిలో స్కాట్లండ్ నోట్ల మీద మోజుపడేవారిది ప్రత్యేకమైన బాట. ఎందుకో తెలియాలంటే ముందు మన ప్రోనోటు సంగతి గుర్తు చేసుకోవాలి.

ప్రోనోటు రాసింది బ్యాంకు

మన ఊళ్లలో అప్పు తీసుకున్న రైతు ప్రోనోటు రాసి, రెవిన్యూ స్టాంపు మీద సంతకం చేస్తాడు. కొంత కడితే వెనుక చెల్లు వేయించుకుంటాడు. బాకీ మొత్తం తీరిన రోజున ఆ కాగితం వెనక్కు తీసుకొని చించివేస్తాడు. అప్పటిదాకా కంటికి నిద్ర ఉండదు. స్కాట్లండ్ నోటు అచ్చంగా ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ బాకీదారు బ్యాంకు. ‘ఈ కాగితం తెచ్చి అడిగినవారికి ఇంత సొమ్ము చెల్లిస్తాం’ అని బ్యాంకు ఒప్పుకొని, దాని అధికారి సంతకం పెట్టిన కాగితం అది. పాత రోజుల్లో నంబరు, తేదీ, సంతకం అన్నీ గుమాస్తాలు సిరాతో చేత్తో రాసేవారు.

నోటు బ్యాంకుకు తిరిగి వస్తే బాకీ తీరినట్లే. నలిగిపోయిన నోటును బ్యాంకువారు రద్దుచేసి నాశనం చేసేవారు. బ్యాంకులు నమూనా కోసం అట్టిపెట్టుకున్నవి, రద్దు ముద్ర వేసి దాచినవి కొన్ని ఉన్నాయి. వాటిని పక్కనబెడితే, రెండు వందల ఏళ్ల నాటి నోటు ఇవాళ ఒకరి ఆల్బంలో కనిపించిందంటే అర్థం ఒక్కటే. దాన్ని ఎవరూ బ్యాంకుకు తీసుకుపోలేదు. ఏ పుస్తకం పుటల మధ్యనో మరిచిపోయి ఉంటారు. ఏ పెట్టె అడుగునో పడి ఉంటుంది. అది వసూలు కాని బాకీ, చించివేయని ప్రోనోటు.

అందుకే ఈ సేకరణలో ఒక తమాషా ఉంది. అడిగిన వెంటనే సొమ్ము చెల్లించిన నిజాయితీ గల బ్యాంకు నోట్లు దొరకడం కష్టం. ఎందుకంటే అన్నీ తిరిగి వచ్చేశాయి. పాత నోటు చేతిలోకి తీసుకున్న మనిషి ముందు అడిగే ప్రశ్న ‘దీని ధర ఎంత?’ అని కాదు, ‘ఈ బ్యాంకు మాట నిలబెట్టుకుందా?’ అని. కనీసం అలా అడగాలి. కేవలం ధర కోసం చూసేవారు అన్ని చోట్లా ఉంటారు, వారి సంగతి వేరు.

పన్నెండుకు ఒకటి

స్కాట్లండ్‌కు సొంత పార్లమెంటు ఉన్న రోజుల్లో, 1695లో, ఒక చట్టంతో బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ పుట్టింది. ఇరవై ఒక్క సంవత్సరాల పాటు మరో బ్యాంకు పోటీకి రాకుండా దానికి హక్కు ఇచ్చారు. 1696లో నోట్లు మొదలుపెట్టింది. మొదట్లో అవి అన్నీ పెద్ద నోట్లే. అయిదు పౌండ్లకు తక్కువ లేదు. రైతుకు, చేనేత కార్మికునికి వాటితో పనిలేదు. 1704లో ఒక పౌండు నోటు వచ్చింది. ఒక పౌండు అన్నది ఇంగ్లండు లెక్క. స్కాట్లండ్ సొంత లెక్కలో అది పన్నెండు పౌండ్లు. అంటే అక్కడి హాలీ కల్దారుల లెక్క పన్నెండుకు ఒకటి అన్నమాట! మన ఏడుకు ఆరు ఎంతో నయం.

ఆ దేశంలో బంగారం, వెండి తక్కువ. నాణేలు చాలినన్ని లేవు. అందుకే ఆ చిన్న నోటును జనం త్వరగా అలవాటు చేసుకున్నారు. ఎడింబరో నగరంలో బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ ప్రధాన కార్యాలయ భవనంలోనే 2006లో ఒక మ్యూజియం తెరిచారు. స్కాట్లండ్ నోట్లలో ఇప్పటికి మిగిలిన అతి పాతది అక్కడ ఉంది. పక్కనే పది లక్షల పౌండ్ల నోట్లు పేర్చి చూపిస్తారు. ఖర్చుకు పనికిరాని రద్దు నోట్లే అయినా అంత డబ్బు ఒకచోట చూడటం జనానికి సరదా.

ఇద్దరు షావుకార్ల కొట్లాట

1727లో రాజుగారి సన్నదుతో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ వచ్చింది. ఒక ఊరిలో రెండో కిరాణా కొట్టు వెలిస్తే మొదటి కొట్టువాడు ఊరుకుంటాడా? ఇక్కడ ముందు దెబ్బ తీసింది మాత్రం కొత్తవాడే. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ నోట్లను రాయల్ బ్యాంకు మనుషులు చడీచప్పుడు లేకుండా పోగుచేశారు. ఒక్కసారిగా పట్టుకుపోయి, రొక్కం చెల్లించమని కౌంటరు దగ్గర నిలబడ్డారు. ఏ బ్యాంకులోనూ అన్ని నోట్లకు సరిపడా రొక్కం ఒక్క రోజున సిద్ధంగా ఉండదు. 1728 మార్చిలో బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ చెల్లింపులు ఆపి తలుపులు మూసింది. తన దగ్గర అప్పు తీసుకున్నవారందరినీ సొమ్ము కట్టమని ఒత్తిడి చేసింది. షావుకార్ల కొట్లాటలో నలిగింది మామూలు జనం. కొన్ని నెలల తరువాత గాని బ్యాంకు మళ్లీ తెరుచుకోలేదు.

దెబ్బతిన్న బ్యాంకు 1730లో నోటు మీద ఒక షరతు చేర్చింది. సొమ్ము అడిగిన వెంటనే ఇస్తాం, లేదా మా ఇష్టమైతే ఆరు నెలల తరువాత పౌండుకు ఆరు పెన్నీల వడ్డీ కలిపి ఇస్తాం అన్నది ఆ షరతు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు. అంటే ఆరు నెలలకు నూటికి రెండున్నర. చూడటానికి న్యాయంగానే ఉంది. కాని ఇవాళ చేతిలో డబ్బు లేకపోతే విత్తనాలు కొనలేని మనిషికి ఆరు నెలల తరువాత వచ్చే వడ్డీ ఏం లాభం? ఈ పద్ధతి చూసి మిగతా బ్యాంకులూ అదే పాట పాడాయి. ఊరూరా చిన్న చిన్న బ్యాంకులు లేచి కొన్ని షిల్లింగుల విలువకు కూడా నోట్లు గుద్ది జనం మీదికి వదిలాయి. చివరకు 1765లో పార్లమెంటు ఆ షరతును, పౌండుకు తక్కువైన నోట్లను నిషేధించింది. ఆ షరతుతో ఉన్న నోటు ఒక్కటి ఎక్కడైనా దొరికితే సేకరణదారునికి పండుగే.

శత్రువుకూ చెల్లించారు

నాకు ఈ కథలన్నిటిలో మెచ్చదగ్గదిగా తోచింది 1745 నాటిది. పదవి పోగొట్టుకున్న పాత రాజవంశానికి చెందిన చార్లెస్ ఎడ్వర్డ్ అనే యువరాజు, సింహాసనం మళ్లీ సంపాదించాలని కొండజాతుల సైన్యంతో వచ్చి ఎడింబరో పట్టణాన్ని ఆక్రమించాడు. బ్యాంకులవారు ముందే బంగారాన్ని, పుస్తకాలను ఊరి నడుమ కొండమీది కోటలోకి చేరవేశారు. పట్టణం తిరుగుబాటుదారులది, కోట ప్రభుత్వ సైన్యానిది. అటు ఫిరంగులు, ఇటు కత్తులు.

ఈలోపు తిరుగుబాటు సైన్యం చేతికి రాయల్ బ్యాంకు నోట్లు చాలా వచ్చాయి. యువరాజు కార్యదర్శి వాటికి బంగారం ఇమ్మని బ్యాంకును నిలదీశాడు. ఇవ్వకపోతే డైరెక్టర్ల ఆస్తులు లాక్కుంటామని బెదిరించాడు. రాయల్ బ్యాంకు రాజు పక్షం మనుషులది. ఎదుట ఉన్నది రాజును దింపడానికి వచ్చిన సైన్యం. క్యాషియరు జాన్ క్యాంప్‌బెల్ తెల్లజెండా రక్షణలో కోటలోకి వెళ్లి, బంగారం తెచ్చి, నోటుకు నోటు లెక్కకట్టి చెల్లించాడు. బెదిరింపుకు భయపడ్డాడా, నోటు మాటకు కట్టుబడ్డాడా అని ఇప్పటికీ వాదించవచ్చు. రెండూ కావచ్చు. చెల్లింపు మాత్రం జరిగింది. ఆయన ఆ రోజుల్లో రాసుకున్న దినచర్య కూడా మిగిలింది.

ఆ యువరాజు తన సొంత నోట్లు కూడా వేయాలనుకున్నాడు. రాబర్ట్ స్ట్రేంజ్ అనే చెక్కుడు పనివాడు రాగి రేకు మీద నోటు బొమ్మ చెక్కాడు. ఇంతలో 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ మైదానంలో సైన్యం ఓడిపోయింది. నోట్లు చెలామణీకి రాలేదు. ఆ రేకు తరువాతి కాలంలో ఒక సరస్సు దగ్గర దొరికింది. ఇప్పుడు ఫోర్ట్ విలియం అనే ఊరి మ్యూజియంలో ఉంది. దాని నుంచి తరువాత తీసిన అచ్చులను కూడా కొందరు దాచుకుంటారు. రాజ్యమే రాని రాజుగారి నోటు కదా!

రంగులు వచ్చిన నోటు

మొదట్లో నోట్లన్నీ నలుపు సిరాతో ఒకవైపే అచ్చయ్యేవి. దొంగనోట్లు వేయడం తేలిక. 1777లో రాయల్ బ్యాంకు ఒక గినీ, అంటే 21 షిల్లింగుల నోటును మూడు రంగుల్లో వేసింది. రాజు తల ఎరుపు, మాటలు కొన్ని నీలం గడిలో, మిగతాది నలుపు. ఐరోపాలో ఇన్ని రంగుల నోటు అంతకుముందు లేదు. పైన చెప్పిన రాగి రేకు చెక్కడం, ఈ రంగుల అచ్చు అన్నీ దొంగ చేతికి అందకుండా చేసిన ఉపాయాలే. ఎడింబరోలో డబ్ల్యూ.హెచ్. లిజార్స్ అనే చెక్కుడు పనివాడు బ్యాంకు నోట్లకు పేరుపడ్డాడు. ఆడుబాన్ అనే అమెరికా పక్షిశాస్త్రజ్ఞుని ప్రసిద్ధ పక్షుల గ్రంథానికి మొదటి పది పలకలు చెక్కింది కూడా ఆయనే.

నోటు మీద రాతలు రాస్తే విలువ పడిపోతుంది. సేకరణలో ఇది మొదటి పాఠం. దీనికి ఒక గొప్ప మినహాయింపు ఉంది. స్కాట్లండ్ జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ కౌలు రైతు కొడుకు, తానూ సేద్యం చేసినవాడు. 1786లో సేద్యం కలిసిరాక, వలస పోదామా అని ఆలోచిస్తున్న రోజుల్లో, బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ వారి గినీ నోటు వెనుక ఆ డబ్బునే తిట్టిపోస్తూ పద్యం రాశాడు. ఆ నోటు ఆయన పుట్టిన ఊరి మ్యూజియంలో భద్రంగా ఉంది. 1971లో క్లైడ్స్‌డేల్ బ్యాంకు అయిదు పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మే వేశారు. డబ్బును తిట్టినవాడికి ఈ గౌరవం!

మరో రచయిత వాల్టర్ స్కాట్ బొమ్మ 1970 నుంచి బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ నోట్ల మీద ఉంటోంది. దానికి కారణం నవలలు ఒక్కటే కాదు. 1826లో లండన్ ప్రభుత్వం అయిదు పౌండ్లకు తక్కువైన నోట్లను స్కాట్లండ్‌లో కూడా రద్దు చేయబోయింది. స్కాట్ మారుపేరుతో ఒక ఎడింబరో పత్రికకు వరుసగా లేఖలు రాశాడు. బంగారం లేని మా దేశంలో ఈ ఒక పౌండు నోటే బతుకుతెరువు, దాని జోలికి రావద్దన్నది వాటి సారం. ప్రభుత్వం వెనక్కు తగ్గింది. తమాషా ఏమంటే, అదే సంవత్సరం మొదట్లో తన ప్రచురణకర్తల దివాళాతో స్కాట్ స్వయంగా అప్పుల ఊబిలో కూరుకుపోయి ఉన్నాడు. ఒక పత్రికకు లేఖ రాస్తే ప్రభుత్వం వినడం మన వంటి విలేకరులకు కాస్త ఉత్సాహం కలిగించే విషయమే. ఇంగ్లండులో ఒక పౌండు నోటు 1988లో ఆగిపోయిన తరువాత కూడా స్కాట్లండ్‌లో రాయల్ బ్యాంకు దాన్ని చాలా ఏళ్లు వేస్తూనే ఉంది.

నోటు చెల్లింది, వాటాదారు మునిగాడు

1772లో ఎయిర్ బ్యాంకు కూలింది. నైరుతి స్కాట్లండ్‌లో 1769లో పెద్ద పెద్ద జమీందార్లు పెట్టిన బ్యాంకు అది. వచ్చినవారికల్లా అప్పులిచ్చి, లెక్క లేకుండా నోట్లు వేసి, మూడేళ్లు తిరగకుండానే తలుపులు మూసింది. భాగస్వాముల పూచీకి హద్దు లేదు కాబట్టి తరతరాల భూములు అమ్మి బాకీలు కట్టారు. ఆడం స్మిత్ తన ప్రసిద్ధ అర్థశాస్త్ర గ్రంథంలో ఈ బ్యాంకు తప్పుల గురించి వివరంగా రాశాడు.

అంతకంటే ఘోరమైనది గ్లాస్గో సంఘటన. సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు 1878 అక్టోబరు 2న మూతపడింది. డైరెక్టర్లు తమవారికి కుమ్మరించిన అప్పులు తిరిగి రాక, దొంగ లెక్కలు చూపుతూ నెట్టుకువచ్చారని తేలింది. మరుసటి ఏడు కోర్టు వారిలో ఇద్దరికి 18 నెలలు, మిగిలినవారికి 8 నెలలు జైలు శిక్ష వేసింది.

ఆ బ్యాంకు నోట్లు చేతిలో ఉన్నవారి గతి ఏమిటి? వారికి ఏమీ కాలేదు. మిగతా స్కాట్లండ్ బ్యాంకులు ఆ నోట్లు తీసుకుంటామని ప్రకటించాయి. కూలీవాడి జేబులోని పౌండు పౌండుగానే చెల్లింది. మునిగింది వాటాదారులు. వారు 1,819 మంది. పెద్ద షావుకార్లు మాత్రమే కాదు, వితంతువులు, పెళ్లికాని ఆడవారు, చర్చి గురువులు, నమ్మకంగా నాలుగు రాళ్లు దాచుకున్నవారు ఎందరో ఉన్నారు. పూచీకి హద్దు లేదు కనుక, నూరు పౌండ్ల వాటా ఉన్నవారిని ముందు 500 పౌండ్లు కట్టమన్నారు. అది చాలక మళ్లీ 2,250 పౌండ్లు కట్టమన్నారు. నూటికి 2,750! కడుతూ కడుతూ ఒక్కొక్కరే చేతులెత్తేశారు. చివరకు దివాళా తీయకుండా నిలబడింది 254 మంది. ఇన్వర్నెస్ పట్టణంలోని కాలెడోనియన్ బ్యాంకు దగ్గర ఆ వాటాలు నాలుగు వందల పౌండ్లవి ఉన్న పాపానికి అది కూడా కొన్నాళ్లు తలుపులు మూసుకోవలసి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే బ్యాంకు వాటాదార్ల పూచీకి హద్దు పెట్టుకునే వీలు కల్పిస్తూ చట్టం చేశారు.

నోట్లన్నీ చెల్లిపోయి బ్యాంకులకు చేరిపోయాయి కాబట్టి ఆ బ్యాంకు నోటు ఇప్పుడు దొరకడం చాలా అరుదు. ఆల్బంలో అది చూసినవారికి ముందు కనిపించేది అందమైన అచ్చు. దాని వెనుక ఇళ్లు అమ్ముకున్నవారు ఉన్నారు. చించివేసిన ఆ ప్రోనోట్ల బాకీ తీర్చింది వారే.

ఎలా సేకరిస్తారు

1845లో కొత్త చట్టం వచ్చే నాటికి స్కాట్లండ్‌లో 19 బ్యాంకులు నోట్లు వేస్తున్నాయి. ఆ చట్టం కొత్తవారికి తలుపు మూసింది. ఉన్నవారు కూడా ఒక హద్దు దాటి నోటు వేస్తే అంతకంతా రొక్కం చూపాలంది. తరువాత ఒకదానిలో ఒకటి కలిసిపోతూ 1908 నాటికి ఎనిమిది మిగిలాయి. 1950లో నార్త్ ఆఫ్ స్కాట్లండ్ బ్యాంకు క్లైడ్స్‌డేల్‌తో కలిసింది. 1955లో యూనియన్ బ్యాంకు, 1971లో బ్రిటిష్ లినెన్ బ్యాంకు బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌లో కలిసిపోయాయి. 1959లో రెండు బ్యాంకులు కలిసి నేషనల్ కమర్షియల్ బ్యాంకుగా ఏర్పడితే, పదేళ్లకే అది కూడా రాయల్ బ్యాంకులో చేరింది. ఆ పదేళ్లలో దాని పేరుతో వచ్చిన నోట్లు కొత్తగా మొదలుపెట్టేవారికి మంచి మెట్టు. కొందరు ఒక్కో బ్యాంకుకు ఒక్కో నోటు చాలనుకుంటారు. కొందరు ఒకే బ్యాంకు నోట్లలో సంతకం మారినప్పుడల్లా ఒకటి కావాలంటారు. జేమ్స్ డగ్లస్ అనే ఆయన 1975లో వీటన్నిటికీ నంబర్లు వేసి స్కాట్లండ్ నోట్ల మీద పుస్తకం అచ్చువేశాడు. అప్పటినుంచి ఈ పనికి ఒక క్రమం ఏర్పడింది.

విలువ కట్టేది నోటు స్థితిని బట్టి. మడత పడని నోటుకు ఒక ధర, నడుమ ఒక్క మడత ఉంటే ఇంకో ధర. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గుండుసూది రంధ్రాలు బయటపడతాయి. అంచు కత్తిరించినా, చిరుగుకు టేపు అంటించినా పనికిరాదు. ఇస్త్రీ చేసిన నోటును అనుభవజ్ఞుడు చేత్తో తాకగానే పట్టేస్తాడు. మధ్యకు కోసి మళ్లీ అతికించిన నోట్లు మాత్రం వేరు. టపాలో దొంగల భయానికి నోటును రెండు ముక్కలు చేసి, ఒక ముక్క ముందు పంపి, అది చేరిందని కబురు వచ్చాక రెండోది పంపే అలవాటు ఆ రోజుల్లో ఉండేది. ఇంగ్లీషువారి కాలంలో మన దేశంలో కూడా నోట్లను ఇలాగే కోసి టపాలో పంపేవారు.

2015లో క్లైడ్స్‌డేల్ బ్యాంకు ప్లాస్టిక్‌తో చేసిన అయిదు పౌండ్ల నోటు ఇరవై లక్షలు వేసింది. ఆ తరువాత కాగితం నోట్ల కాలం చెల్లింది. అయిదు, పది పౌండ్ల కాగితపు నోట్లు 2018 మార్చి 1న, ఇరవై, యాభై పౌండ్లవి 2022 సెప్టెంబరు 30న చెలామణీ నుంచి తప్పుకొన్నాయి. అంటే మొన్నటిదాకా జేబుల్లో తిరిగినవి కూడా ఇప్పుడు పాత నోట్ల జాబితాలో చేరాయి.

ఎంత డబ్బున్న సేకరణదారునికీ దొరకని నోట్లు రెండు ఉన్నాయి. స్కాట్లండ్ బ్యాంకుల నోట్లకు పూచీగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఖజానాలో పది లక్షల పౌండ్ల నోట్లు, పది కోట్ల పౌండ్ల నోట్లు ఉంచుతారు. పది లక్షలదాన్ని జెయింట్ అని, పది కోట్లదాన్ని టైటాన్ అని పిలుస్తారు. అవి బయటికి రావు.

మన నోటుకూ స్కాట్లండ్ చెయ్యి

మన కాగితపు రూపాయికి దారి వేసినవాడు స్కాట్లండ్ మనిషి అన్నది చాలామందికి తెలియదు. జేమ్స్ విల్సన్ 1805లో ఆ దేశపు హావిక్ అనే ఊరిలో పుట్టాడు. టోపీల తయారీలో పని నేర్చుకుని, వ్యాపారంలో ఎదిగి, ఎకానమిస్ట్ పత్రికను స్థాపించాడు. 1859లో వైస్రాయి కౌన్సిలులో ఆర్థిక సభ్యుడుగా కలకత్తా వచ్చాడు. దేశమంతటికీ ప్రభుత్వమే కాగితపు నోట్లు వేయాలని ప్రతిపాదించాడు. ఆదాయపు పన్ను మన దేశానికి తెచ్చింది కూడా ఆయనే. ఇది విన్న తరువాత కొందరికి ఆయన మీద గౌరవం తగ్గవచ్చు. 1860 ఆగస్టులో జిగట విరేచనాలతో కలకత్తాలోనే చనిపోయాడు. ఆ మరుసటి ఏడు, 1861లో, కాగితపు నోట్ల చట్టం వచ్చింది. తన సొంత దేశంలో బ్యాంకులు వేసే నోట్లు చూసి పెరిగిన మనిషి, ఇక్కడ ఆ పని సర్కారు చేతిలో పెట్టమనడం ఆలోచించవలసిన విషయం.

మన పెట్టెల్లో ఉన్నవి

ఈ వ్యాసం చదివి, మా నాయనమ్మ పెట్టెలో కూడా పాత నోట్లు ఉన్నాయి అని లేచేవారు ఉంటారు. ఉంటే మంచిదే. లక్ష్మీపూజలో పెట్టి పసుపు కుంకుమ అద్దిన నోట్లు, లామినేషన్ చేయించిన నోట్లు సేకరణదారులు ఇష్టపడరు. ఉన్నది ఉన్నట్లుగా, మడత పెట్టకుండా దాచడమే సరైన పద్ధతి.

ఫోనులో ‘మీ పాత నోటుకు లక్షలు ఇస్తాం, ముందుగా కమీషను కట్టండి’ అని వచ్చే మాటలను మాత్రం నమ్మరాదు. తమ పేరు, ముద్ర వాడుకొని ఇలా మోసం చేస్తున్నారని, పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. సేకరణదారుడు వస్తువు చూసి డబ్బు ఇస్తాడు గాని, డబ్బు తీసుకొని వస్తువు చూడడు.

2016 నవంబరులో రద్దయిన అయిదు వందలు, వెయ్యి రూపాయల నోట్ల విషయం వేరు. స్కాట్లండ్‌లో చెలామణీ ఆగిన నోటును కూడా దాన్ని వేసిన బ్యాంకు తీసుకొని సొమ్ము ఇస్తుంది. మన రద్దు నోట్లకు ఆ పూచీ లేదు. రిజర్వు బ్యాంకు వాటికి ఇక బాధ్యురాలు కాదని 2017 చట్టం చెప్పింది. అవి ఒకరి దగ్గర మొత్తం పదికి మించి ఉండరాదు. చదువు, పరిశోధన, నోట్ల సేకరణ కోసమైతే ఇరవై అయిదు వరకు ఉంచుకోవచ్చు. అంతకు మించితే కనీసం పది వేల రూపాయలు, లేదా నోట్ల మీది విలువకు అయిదు రెట్లు, ఏది ఎక్కువైతే అది జరిమానాగా పడవచ్చు. ఆ నోట్లు పెట్టెలో ఉన్నవారు ఒకసారి లెక్కపెట్టి చూసుకోవాలి.